విదేశీ చుట్ట, బెల్లం ముక్క

ఉగాది నాడు మా పలకల ఫ్యాక్టరీల యజమానుల సంఘం వాళ్లు నాకు శాలువా కప్పారు. "కార్మికులతో పాటు దుమ్ము మింగి, ఊపిరితిత్తులు పోగొట్టుకుని కూడా ఖార్ఖానా మూయని మనిషి" అని మైకులో పొగిడారు. నేను చేతులు జోడించి నిలబడ్డాను.

ఆ మాటల్లో నిజం ఒక్కటే. నా ఊపిరితిత్తులు చెడిపోయాయి. మిగిలిందంతా అబద్ధం, దాన్ని పుట్టించిందీ నేనే. మార్కాపురంలో జనం ఇప్పటికీ దాన్ని నమ్ముతున్నారు కాబట్టి, ఊపిరి కాస్త నిలకడగా ఉన్న ఈ రోజుల్లో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నన్ను ఎవరూ ఓదార్చనక్కర్లేదు. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు నాలాగా మాట్లాడకండని చెప్పడానికే ఇది.

మా ఖార్ఖానా కంభం రోడ్డులో ఉంది. నాయన కాలంలో పిల్లలు రాసుకునే పలకలు చేసేవాళ్లం. పలకలకు గిరాకీ పడిపోయాక గోడలకు అతికించే డిజైను రాళ్లు కోస్తున్నాం. రాయి అదే, దుమ్మూ అదే. కింద రేకుల షెడ్డులో కోత మిషన్లు, పైన నా గది. గదికి ఏసీ, షెడ్డు వైపు ఒక అద్దాల కిటికీ. ఆ కిటికీ సందుల్లోంచి దుమ్ము రాకుండా రబ్బరు పట్టీలు వేయించుకున్నాను. కింద ఏమైనా చెప్పాల్సి వస్తే ఫోన్ చేసేవాణ్ణి. దుమ్ము మింగిన మనిషిని నేనట!

సాయంత్రం మిషన్లు ఆగే వేళకు షెడ్డు గుమ్మంలో పళ్లెంలో బెల్లం ముక్కలు పెట్టి ఉంటాయి. మనిషికో ముక్క. నోట్లో వేసుకుని చప్పరిస్తే గొంతులోని దుమ్మంతా కడుపులోకి జారి మర్నాటికి బయటికి పోతుందని మా రాతి పనిలో ఒక నమ్మకం. నాయన పెట్టిన ఆచారం. నేనూ నమ్మాను. అలా నమ్మడం చౌక. కోత దగ్గర నీళ్లు పడేట్టు పైపులు వేయాలంటే ఖర్చు, అసలే నీళ్ల కరువు ఊరు. బెల్లమైతే ఒక్క దిమ్మ తెస్తే వారం గడుస్తుంది. అంతకుమించి ఎవరైనా దగ్గితే అనడానికి నా దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది.

"బీడీలు తగ్గించండ్రా. మీ బీడీలకు నా రాయేం చేస్తాది?"

పైన గదిలో నా సాయంత్రాలు వేరు. చెన్నై నుంచి రాళ్లు కొనడానికి వచ్చే ఎగుమతి వ్యాపారి ఒకాయన ఒకసారి చెక్కపెట్టె నిండా విదేశీ చుట్టలు, ఒక విస్కీ సీసా తెచ్చి ఇచ్చాడు. ఇంట్లో ఉల్లిపాయ కూడా రోజు చూసుకుని వండే కుటుంబం మాది. అందుకని ఆ రెండూ ఖార్ఖానా బీరువాలోనే ఉండేవి. చుట్ట కొస ఎట్లా కోయాలో, ఎట్లా వెచ్చబెట్టాలో ఆయనే నేర్పాడు. "పొగ లోపలికి పీల్చకూడదు, నోట్లో తిప్పి వదలాలి" అని కూడా చెప్పాడు. నేను పీల్చేవాణ్ణి. అంత ఖరీదైన పొగను ఊరికే వదిలేయడానికి నా వ్యాపారి ప్రాణం ఒప్పుకోలేదు.

బాగుండేది. ఆ మాట దాచను. ఎండకు కాగిన రోజు తర్వాత గ్లాసులో ఐసు చిటపటలాడుతుంటే, మొదటి గుక్క ఛాతీలోకి వెచ్చగా దిగుతుంటే, కాలిన చెక్క వాసన, పాకం వాసన కలిసిన పొగ గదంతా అలుముకుంటే, మార్కాపురంలో ఉన్నానన్న సంగతే మరిచిపోయేవాణ్ణి. తర్వాత్తర్వాత చెన్నై ఆయన తేవడం ఆపినా నేనే తెప్పించుకున్నాను. అద్దం అవతల కూలీలు బూడిద పూసుకున్నట్టు తెల్లగా వచ్చి బెల్లం ముక్కలు తీసుకునేవాళ్లు. అద్దం ఇవతల నేను పొగ వదిలేవాణ్ణి. ఆ దృశ్యం ఇప్పుడు తలుచుకుంటే వాంతికొస్తుంది. అప్పుడు మాత్రం ఏమీ అనిపించలేదు.

నిరుడు వానాకాలంలో మొదలైంది. గది మెట్లు ఎక్కుతుంటే సగంలో ఆగి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. గ్యాసు అనుకున్నాను. తర్వాత పొద్దున్నే దగ్గు, బాత్రూంలో ఉమ్మి కడిగి కడిగి నా మీద నాకే రోత. ఒకనాడు స్నానం చేసి చొక్కా గుండీలు పెట్టుకునే సరికి ఊపిరి అందక మంచం మీద కూలబడ్డాను. నీళ్లలో ముంచి పట్టుకున్నట్టు ఉంటుంది. గాలి చుట్టూ ఉంటుంది, మనకు మాత్రం దొరకదు. నా భార్య సుజాత భయపడి మర్నాడే గుంటూరు రైలు ఎక్కించింది.

ఆసుపత్రి వరండాల గురించి ఏం చెప్పమంటారు. ప్లాస్టిక్ కుర్చీలు, మూలల్లో ఉమ్ములు, గోడ మీద టీవీలో అత్తాకోడళ్ల అరుపులు. మనం పొద్దున్నుంచి కూర్చుంటే, టై కట్టుకుని సంచులు మోసుకొచ్చే మందుల కంపెనీ కుర్రాళ్లు నవ్వుతూ లోపలికి పోతారు. పక్క కుర్చీలో ముసలావిడ తన దుప్పటి సగం నా మోకాళ్ల మీద కప్పి, "ఏసీ గాలి నీకు పడదు నాయనా" అంది. ఆమె ఎవరో నాకు తెలియదు. ఆ రోజంతటిలో రోత లేనిది ఆ దుప్పటి ఒక్కటే.

డాక్టరు అడిగాడు. "పొగ తాగుతారా?"

పక్కన సుజాత ఉంది. "లేదండీ" అన్నాను.

"మరి ఏం పని?"

"పలకల ఖార్ఖానా. రాతి దుమ్ములోనే బతుకు సార్."

ఆయన నా వేళ్ల వంక, పళ్ల వంక ఒక్కసారి చూసి రాసుకున్నాడు. ఊపిరి గొట్టాలు కుంచించుకుపోయాయని, జీవితాంతం ఇన్‌హేలర్ పీల్చాలని చెప్పాడు. తిరుగు రైల్లో సుజాత కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. వినుకొండ దాటాక, "ఆ దుమ్ము కొంపను అమ్మేయండి" అని మాత్రం అంది. ఊరికి రాగానే బంధువులకు ఫోన్లు పోయాయి. రెండు రోజుల్లో బజారంతా అదే మాట, పాపం, శెట్టిని దుమ్ము తినేసింది. ఆ పాపం అన్న మాట నాకు తియ్యగా ఉంది.

మందు కోసం గిద్దలూరు పోయాను. సుజాత తమ్ముడు రమేష్‌కు అక్కడ మందుల దుకాణం ఉంది.

"నువ్వు కాబట్టి నాకు పడిన రేటుకే ఇస్తా బావా" అన్నాడు.

డబ్బా మీద ముద్రించిన ధర చూశాను. వాడు చెప్పిన ధర చూశాను. రెండూ ఒక వస్తువువే అంటే నమ్మబుద్ధి కాలేదు.

"ఏందిరా ఇంత తేడా?"

"మధ్యలో ఎంతమంది తినాల బావా? కంపెనీ, డీలరు, రాసిచ్చే డాక్టరు, ఆకర్లో నేను."

"మరి బయటోళ్లకు?"

"బయటోళ్లకు డబ్బా మీదిదే. నేనేమన్నా సత్రం పెట్టుకున్నానా? అయినా నువ్వు రాళ్లకు రేటు చెప్పేటప్పుడు ఎట్ల చెప్తావో నాకు తెల్వదా?"

నెలకు సరిపోయే ఆ మందు డబ్బాకూ, నా విదేశీ చుట్ట ఒక్కదానికీ ధర దాదాపు ఒకటే. చుట్టలు తెప్పించుకున్నప్పుడు ఏనాడూ బేరమాడలేదు. ఊపిరి కొనే చోట మాత్రం బామ్మర్దితో వాదన పెట్టుకున్నాను. ప్రాణం నిలిపే వస్తువు మీద అంత లాభం తినేవాళ్లను చూస్తే నాకు అసహ్యమేసింది. గిద్దలూరు నుంచి వచ్చిన ఆ సాయంత్రమే గదిలోకి పోయి, ఆ అసహ్యం పోవడానికి ఒక చుట్ట వెలిగించాను. ఔను. పొద్దున ఇన్‌హేలర్, సాయంత్రం చుట్ట. విస్కీ గ్లాసు పక్కన మందు డబ్బా పెట్టుకుని నెలల తరబడి అట్లాగే గడిపాను.

చలికాలంలో రెండోసారి గుంటూరు పోయినప్పుడు ఆ వరండాలో మా కాశయ్య మామ కనిపించాడు. పుల్లలచెరువు వైపు మనిషి. వానల్లేక సేద్యం వదిలి నాయన కాలంలోనే మా దగ్గర చేరాడు. మొదటి కోత మిషను ఆయనదే. రాయి అంచు చెదరకుండా కోయడంలో ఆయన చేతికి పేరు. నాకు జుట్టు నెరిసినా ఆయనకు నేను చిన్నశెట్టినే.

ఆ డాక్టరు గదిలోకి ఇద్దరేసి రోగులను పంపుతారు, ఒకరు చూపించుకుంటుంటే ఇంకొకరు స్టూలు మీద కూర్చోవాలి. సుజాత బయట మందుల కిటికీ దగ్గర ఉంది. కాశయ్య మామ వంతు వచ్చినప్పుడు స్టూలు మీద నేనున్నాను.

"బీడీ తాగుతావా?" అన్నాడు డాక్టరు.

"తాగేటోణ్ణి సార్. దాని వల్లనే అంట. మా చిన్నశెట్టి ఎప్పుడో చెప్పినాడు. చెప్పినాక ఇడిసిపెట్టినా. శానా ఏండ్లాయె."

"ఏం పని చేస్తావు?"

ఆయన నా వైపు చూశాడు. యజమాని ఎదురుగా ఉంటే ఖార్ఖానా పేరు ఎత్తొచ్చో లేదో అని. నేను తల దించుకుని నా ఎక్స్‌రే కవరు సర్దుకున్నాను.

"కూలి పనే సార్. ఏది దొరికితే అది."

డాక్టరు రాసుకున్నాడు. నేను అప్పుడు ఒక్క మాట చెప్పాల్సింది. ఈయన రాతి దుమ్ములో బతికిన మనిషి సార్ అని. చెబితే, ఆ ఖార్ఖానా మీదే కదా, అక్కడ నీళ్ల పైపులున్నాయా అని అడుగుతాడు. నా పళ్ల వంక మళ్లీ చూస్తాడు. కాశయ్య మామ దుమ్ము గురించి నిజం తీస్తే నా పొగ గురించి నిజం కూడా బయటికొస్తుంది. అందుకని నోరు మూసుకున్నాను.

బయటికొచ్చాక కాశయ్య మామ నా పక్కన కూర్చుని తువ్వాలు కొంగు విప్పాడు. అందులో బెల్లం ముక్క. సాయంత్రం పళ్లెంలోది దాచుకున్నాడు.

"నోట్లో ఏసుకో చిన్నశెట్టీ. దుమ్ము దిగిపోతాది. నీకూ దుమ్మేనంట గదా? పైన అద్దాలేసుకొని కూర్చున్నా ఇడిసిపెట్టలే సూడు, పాపం."

తిన్నాను. ఏం చేయను? ఆ తీపి నాలుక మీంచి ఇంకా పోలేదు.

"ఈ మందు రెండు పూటలా పీల్చాలంట. రెండు దినాలకొకసారి పీలిస్తే పన్జెయ్యదా?" అని అడిగాడు.

"అట్ల కుదరదు మామా."

"కుదరాల్లే. డబ్బా కొంటే ఇంట్లోకి బియ్యం రావు. అయినా బీడీ మానినా గదా, నిదానంగా అదే తగ్గుతాది."

మర్నాడు ఆయన మళ్లీ కోత మిషను ముందు కూర్చున్నాడు. జబ్బు బీడీల వల్ల వచ్చిందయితే, బీడీ ఎప్పుడో మానేశాడయితే, ఇక రాతి పని ఎందుకు మానుకుంటాడు? పొద్దున ఇంత ఖరీదైన మందు పీల్చుకుని వచ్చి రోజంతా నా షెడ్డులో దుమ్ము పీల్చేవాడు. అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను.

ఉగాది శాలువా ఇక్కడికొస్తుంది. నన్ను పొగుడుతుంటే కాశయ్య మామ వెనక వరసలో నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. కొట్టి కొట్టి దగ్గు తెర పట్టుకుంది. వంగిపోయి మోకాళ్లు పట్టుకున్నాడు. ముందు వరసలోంచి ఎవరో, "మామా, ఇంకనన్నా బీడీలు మానుకోవయ్యా. దుమ్ము తిన్న శెట్టి సూడు ఎట్ల నిలబడినాడో!" అన్నారు. అందరూ నవ్వారు. శాలువా కప్పుకుని నేనూ నవ్వాను.

ఇంటికొచ్చాక సుజాత ఆ శాలువా మడత పెట్టబోయి ముక్కు దగ్గర పెట్టుకుంది. సంఘం సభ నుంచి తిన్నగా గదికి పోయి వచ్చాను నేను.

"దుమ్ముకు ఇంత వాసనుంటాదా?" అంది.

నేను మంచినీళ్ల చెంబు అందుకున్నాను.

"మీ చొక్కాలు ఉతికేది నేను. పెండ్లయినప్పట్నుంచీ నేనే. గుంటూరులో ఆ డాక్టరు ముందర మీరు లేదండీ అన్నప్పుడే నోరు తెరుద్దామనుకున్నా. పరాయి మనిషి ముందర మొగుణ్ణి అబద్ధాలకోరని ఎట్ల అనేది? సర్లే, ఆయన పరువు, ఆయన జబ్బు అనుకొని ఊరంతా దుమ్ము దుమ్మని నేనే చెప్పినా. అదే నా తప్పు."

"సుజాతా..."

"ఆగండి. మీ పొగకు దుమ్ము పేరు పెట్టినారు. కాశయ్య మామ దుమ్ముకు బీడీ పేరు పెట్టినారు. రెండు చోట్లా మీకే లాభం. ఏం యాపారమండీ ఇది! ఇయ్యాల ఆయన దగ్గుతుంటే నవ్వినారే, అది ఆడోళ్ల వరసలోంచి నేను చూసినా. చుట్టలు తాగినారని కాదు, ఆ నవ్వు చూసి నాకు మీతో ఒక కంచంలో తినబుద్ధి కావడంలేదు."

ఆ రాత్రి నుంచి నాకు అన్నం వంటింటి గట్టు మీద మూతపెట్టి ఉండేది. ఆమె వడ్డించలేదు. నేను చెబుతాను, రేపు చెబుతాను అనుకున్నాను. కాశయ్య మామకు ముందు చెప్పాలా, డాక్టరుకు చెప్పాలా, సంఘానికి చెప్పాలా అని వారం తాత్సారం చేశాను. ఆ వారం కూడా ఆయన మిషను ముందే కూర్చున్నాడు.

వారం తిరిగే సరికి షెడ్డులో రాయి మీదికి ఒరిగిపోయాడు. మిషను చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోతే కిందికి దిగాను. పెదవులు నేరేడు పండులా ఉన్నాయి. అంబులెన్సులో ఆక్సిజన్ పెట్టి గుంటూరు తీసుకుపోయాం. దారి పొడవునా ఆయన చెయ్యి నా మోచేతిని పట్టుకునే ఉంది. భయంతో పట్టుకున్నాడు, నా మీద నమ్మకంతో పట్టుకున్నాడు. ఆ రెండోది భరించలేకపోయాను.

డాక్టరు అడగకముందే చెప్పాను. "ఈయన బీడీ మానేసి ఏండ్లయింది సార్. మా షెడ్డులో రాయి కోస్తాడు. నీళ్ల పైపులు లేవు, దుమ్మంతా మొహం మీదికే. నేను ఆ దుమ్ములోకి పోను. నాది చుట్టలు."

ఆయన పెన్ను మూత పెట్టాడు.

"ఆ రోజు మీరు ఈ స్టూలు మీదే కూర్చున్నారు కదా?"

"ఔను సార్."

"పని సంగతి తెలిస్తే మొట్టమొదట పని మాన్పించేవాణ్ణి. చేయాల్సిన పరీక్షలు వేరే ఉన్నాయి, చేయించేవాణ్ణి. మందొకటి రాసి పంపాను. దుమ్ములో కూర్చుని పీల్చే మందు బూడిదలో పోసిన పన్నీరు. పాపం, ఆయన అన్నం మానుకుని కొన్నాడు." తలుపు వైపు చూపించాడు. "బయట కూర్చోండి."

ఆ వరండాలోనే కూర్చున్నాను. ఈసారి దుప్పటి కప్పేవాళ్లెవరూ లేరు. ఉన్నా కప్పుకునే మొహం లేదు.

కాశయ్య మామ బతికాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టిందని, అది ఇక కరగదని, ఉన్న ఊపిరి కాపాడుకోవడమేనని తేల్చారు. ఆయన లేచి కూర్చున్న రోజున మంచం పక్కన నిలబడి అంతా చెప్పాను. నా పొగ, ఆయన దుమ్ము, స్టూలు, శాలువా. ఆయన ఆక్సిజన్ గొట్టం సర్దుకుంటూ విన్నాడు. తిడతాడనుకున్నాను. కిటికీ వైపు తిరిగి అడిగాడు.

"అయితే బీడీ నేను ఊరికే మానినానా?"

"ఊరికే ఏం కాదు మామా, అది మానడం మంచిదే..."

"నువ్వు మాట్లాడమాక. మాపటేల అన్నం తిని అరుగు మీద కూర్చొని ఒక్కటి కాల్చేటోణ్ణి. నా బతుక్కు అదొక్కటే సుఖం. నువ్వు చెప్పినావని దాన్ని ఇడిసిపెడితి. నువ్వేమో పైన కూర్చొని..." నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. నర్సు వచ్చి నన్ను బయటికి పొమ్మంది.

ఇక మిగిలింది కొంచెమే. ఆయనను మళ్లీ షెడ్డులోకి రానివ్వలేదు, కూలి ఆగలేదు. అది దయ అని ఎవరైనా అంటే ఒప్పుకోను. మిషన్లకు నీళ్ల పైపులు వేయించాను. ఇప్పుడు షెడ్డంతా బురద, దుమ్ము చాలావరకు తగ్గింది. మొదటి రోజు సాయంత్రం అందరినీ నిలబెట్టి, బెల్లం దుమ్మును దించదని, మీ దగ్గుకు బీడీ కంటే నా రాయే పెద్ద కారణమని చెప్పాను. ఒకామె, "అయితే రేపట్నుంచి బెల్లం లేనట్టేనా?" అని అడిగింది. ఉందన్నాను. శాలువా వెనక్కి ఇవ్వబోతే సంఘం అధ్యక్షుడు, "కప్పింది తీసుకుంటే అరిష్టం. ఇంట్లో పెట్టుకో, ఊరికే నోరు పారేసుకోమాక, మా షెడ్లల్లో కూడా కూలోళ్లుండారు" అన్నాడు. అందుకే ఈ నోరు ఇక్కడ పారేసుకుంటున్నాను.

నెలనెలా గిద్దలూరు పోయి రెండు డబ్బాలు తెస్తాను. ఒకటి నాకు, ఒకటి కాశయ్య మామకు. మొదటి నెల ఇవ్వబోతే ఆయన చెయ్యి చాపలేదు.

"దగ్గరికి రా చిన్నశెట్టీ." వంగాను. నా చొక్కా వాసన చూశాడు. "నేను మానినా గదా. నువ్వూ మానాల, చుట్టా, గ్లాసూ రెండూ. మానితేనే నీ చేతి మందు తీసుకుంటా. లేకపోతే పీల్చను, పోతాను."

అన్నంత పనీ చేసే మనిషి. ఒక పెళ్లిలో ఎవరో ఇచ్చిన గ్లాసు కాదనలేక పుచ్చుకుని, తెల్లారి డబ్బా పట్టుకుపోయాను. ఆయన వాసన పట్టి తలుపు వేసుకున్నాడు. రెండు రోజులు తెరవలేదు. మూడో రోజు సుజాత పోయి బతిమాలి ఇచ్చి వచ్చింది. ఆ రెండు రోజులు ఆయన మందు లేకుండా ఎట్లా ఊపిరి తీశాడో నాకు తెలుసు, నాదీ ఊపిరి అందని జబ్బే కాబట్టి. ఆ తర్వాత గ్లాసు ముట్టలేదు.

నిన్న చెన్నై ఆయన చాలా కాలానికి వచ్చి కొత్త పెట్టె బల్ల మీద పెట్టి పోయాడు. మూత తీయకుండానే ఆ వాసనకు నోట్లో నీళ్లూరాయి, ఆ నీళ్లకే అసహ్యం వేసింది. పెట్టెను కోత మిషను కింద బురదలో పడేసి, చేతులు కడుక్కున్నాను. సబ్బుతో కడిగి, మళ్లీ కడిగాను. ఈ పొద్దు డబ్బా ఇవ్వాల్సిన రోజు. ఉతికిన చొక్కా సుజాత కుర్చీ మీద పెట్టింది. అది వేసుకుని పోయి, కాశయ్య మామ వాసన చూసేదాకా ఆయన గుమ్మంలో వంగి నిలబడతాను.